ఆహార ప్యాకేజింగ్‌లో పాలిమర్ నానోకాంపోజిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్యాకేజింగ్‌లో ‘నానో’ అన్న మాట వినగానే కొందరికి ఎక్కడలేని ఆశ పుడుతుంది, మరికొందరికి టెన్షన్ పుడుతుంది. రెండిటికీ కారణాలున్నాయి. కానీ ఏ కణం, ఏ ప్లాస్టిక్‌లో, ఏ పని కోసం అన్న మూడు సంగతులు తేలకుండా మంచిదనో చెడ్డదనో చెప్పడం కుదరదు. విద్యార్థులు, ప్యాకేజింగ్ రంగంలో పనిచేసేవాళ్లు, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఆ మూడు సంగతులనూ పట్టుకుని జవాబులు రాశాను.

పాలిమర్ నానోకాంపోజిట్ అంటే ఏమిటి?

ప్లాస్టిక్‌లో అతి సూక్ష్మమైన కణాలు కలిపి తయారుచేసిన పదార్థం. ఆ కణానికి పొడవు, వెడల్పు, మందాల్లో కనీసం ఒకటైనా 100 నానోమీటర్ల లోపు ఉండాలి. నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. తల వెంట్రుక మందమే సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది.

ప్లాస్టిక్‌లో పొడులు కలపడం కొత్తేమీ కాదు. కాల్షియం కార్బొనేట్, టాల్క్, గాజు పీచు ఎప్పటినుంచో కలుపుతున్నారు. కాకపోతే వాటితో గుణం బాగా మారాలంటే బరువులో 20 నుంచి 40 శాతం దాకా వేయాల్సి వస్తుంది. అప్పుడు ఫిల్మ్ పెళుసుబారుతుంది, బరువు పెరుగుతుంది, అవతలి వస్తువు కనపడకుండా తెల్లబారుతుంది. నానో కణాలైతే 1 నుంచి 5 శాతం చాలు. ఒక గ్రాము మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టిని పూర్తిగా పొరలు పొరలుగా విడదీస్తే 700 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం బయటపడుతుంది. అంత విస్తీర్ణంలో ప్లాస్టిక్ అణువుల గొలుసులు మట్టిని తాకుతాయి కాబట్టే చిటికెడు మట్టి అంత ప్రభావం చూపగలుగుతుంది.

మామూలు ప్లాస్టిక్‌తో ఏం ఇబ్బంది వచ్చింది?

ప్లాస్టిక్ చూడటానికి గట్టిగా మూసుకున్నట్టే ఉంటుంది గానీ, గాజులాగా లోహంలాగా వాయువులను పూర్తిగా ఆపదు. దాని అణువుల గొలుసుల మధ్య ఎప్పటికప్పుడు ఏర్పడి మాయమయ్యే ఖాళీలుంటాయి. ఆక్సిజన్, నీటి ఆవిరి, వాసనలు వాటిగుండా మెల్లగా జారుకుంటాయి. నూనెలు కంపు కొట్టడానికి, రంగు వెలిసిపోవడానికి, విటమిన్లు తగ్గిపోవడానికి ఆ కొద్దిపాటి ఆక్సిజన్ చాలు.

ఏ ఒక్క ప్లాస్టిక్కూ అన్నిటినీ ఆపలేదు. పాలీఇథిలీన్ నీటి ఆవిరిని బాగా ఆపుతుంది, ఆక్సిజన్‌కు మాత్రం దారి వదిలేస్తుంది. ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ పొడిగా ఉన్నంతసేపూ పాలీఇథిలీన్ కంటే వేల రెట్లు తక్కువ ఆక్సిజన్‌ను పోనిస్తుంది, తేమ తగిలిందంటే ఆ బలం చాలావరకు పోతుంది. అందుకే పరిశ్రమలో ఐదు, ఏడు, తొమ్మిది పొరల ఫిల్ములు వచ్చాయి. ఈవీఓహెచ్‌ను మధ్యలో పెట్టి, తేమ తగలకుండా రెండు వైపులా పాలీఇథిలీన్ వేస్తారు. ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది గానీ, వాడి పారేశాక ఆ పొరలను విడదీయడం దాదాపు అసాధ్యం. ఒకే రకం ప్లాస్టిక్‌తో ఆ రక్షణ రాబట్టగలమా అన్న ఆలోచనే చాలామందిని నానోకాంపోజిట్ల వైపు తెచ్చింది.

కాస్త మట్టి కలిపితే ఆక్సిజన్ ఎలా ఆగుతుంది?

మాంట్‌మొరిల్లోనైట్ పొర మందం సుమారు 1 నానోమీటరు. అడ్డంగా చూస్తే వంద నుంచి వెయ్యి నానోమీటర్ల దాకా ఉంటుంది. అంటే మహా పలచని పలకలు. ఫిల్మ్‌కు సమాంతరంగా ఈ పలకలు పరుచుకుంటే, ఆక్సిజన్ అణువు నేరుగా దాటిపోలేదు. ప్రతి పలక దగ్గరా పక్కకు తిరిగి, దాని అంచు దాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగాలి. ఫిల్మ్ మందం మారకపోయినా దారి పొడవు పెరుగుతుంది.

దీనికి 1967లో నీల్సన్ ఒక సులువైన సూత్రం ఇచ్చాడు. మట్టి ఘనపరిమాణంలో ఎంత వంతు ఉంది, పలక వెడల్పు దాని మందానికి ఎన్ని రెట్లు అన్న రెండు సంఖ్యలుంటే చాలు. నైలాన్‌లో బరువు ప్రకారం 5 శాతం మట్టి వేశామనుకుందాం. మట్టి సాంద్రత ఎక్కువ కాబట్టి ఘనపరిమాణంలో అది 2 శాతమే అవుతుంది. ఒకటిలోంచి మట్టి వంతు తీసేసి, దాన్ని ‘1 + (మట్టి వంతు × వెడల్పు-మందాల నిష్పత్తి ÷ 2)’తో భాగించడమే ఆ సూత్రం. పలక వెడల్పు మందానికి 100 రెట్లు అనుకుంటే 0.98ని 2తో భాగించాలి. 0.49 వస్తుంది. అంటే ఫిల్మ్ గుండా వెళ్లే ఆక్సిజన్ సగానికి పడిపోతుంది. వెడల్పు 300 రెట్లయితే 0.98ని 4తో భాగిస్తాం, నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఇప్పుడు ఇదే మట్టి సరిగ్గా విడిపోకుండా, పదేసి పొరలు అతుక్కుని ఉండిపోయిందనుకోండి. మందం పది రెట్లవుతుంది, కాబట్టి నిష్పత్తి 100 నుంచి 10కి పడిపోతుంది. లెక్క మళ్లీ వేస్తే 0.98ని 1.1తో భాగించాలి, అంటే 0.89. మట్టి అంతే, ప్లాస్టిక్ అదే, ఖర్చు అంతే. లాభం మాత్రం 51 శాతం నుంచి 11 శాతానికి దిగిపోయింది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇంకేం చదవకపోయినా ఈ చిన్న లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడాలని నా కోరిక.

మరి అన్నిసార్లూ ఆ ఫలితం ఎందుకు రాదు?

గనిలోంచి వచ్చిన మట్టిలో పొరలు పేకముక్కల కట్టలా ఒకదానిమీద ఒకటి దగ్గరగా అతుక్కుని ఉంటాయి. వాటి మధ్య సోడియం లాంటి అయాన్లుంటాయి. ప్లాస్టిక్‌లో కలిపాక మూడు స్థితులు ఏర్పడవచ్చు. కట్ట కట్టగానే ఉండిపోతే అది మామూలు పొడి కలిపిన ప్లాస్టిక్కే, పేరుకే నానో. పొరల మధ్యకు ప్లాస్టిక్ గొలుసులు దూరి, కట్ట కాస్త ఉబ్బితే దాన్ని ఇంటర్‌కలేటెడ్ అంటారు. పొరలన్నీ విడివిడిగా చెదిరిపోతే ఎక్స్‌ఫోలియేటెడ్. కావలసింది ఈ మూడోది. నిజమైన నమూనాల్లో సాధారణంగా మూడూ కలగలిసి కనిపిస్తాయి.

ఏ స్థితి వచ్చిందో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో, అంటే పొరల మీద పడ్డ ఎక్స్‌రేలు ఏ కోణంలో బలంగా తిరిగొస్తాయో చూపే గ్రాఫులో చూస్తారు. పొరల మధ్య దూరం పెరిగిన కొద్దీ ఆ గ్రాఫులోని శిఖరం తక్కువ కోణం వైపు జరుగుతుంది, పూర్తిగా విడిపోతే మాయమవుతుంది. ఇక్కడో జాగ్రత్త ఉంది. మట్టి మరీ తక్కువగా ఉన్నా, పొరల వరస చెడిపోయినా కూడా శిఖరం కనపడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో లేకుండా, శిఖరం కనపడలేదు కాబట్టి పూర్తిగా విడిపోయిందని రాసేస్తే దాన్ని నమ్మకూడదు.

పలకలు విడిపోతేనే సరిపోదు, ఫిల్మ్‌కు సమాంతరంగా పడుకోవాలి కూడా. నిలువుగా నిలబడితే ఆక్సిజన్‌కు అడ్డే ఉండదు. ఫిల్మ్‌ను ఊది, సాగదీసేటప్పుడు పలకలు చాలావరకు సర్దుకుంటాయి.

మట్టి నీటిని పట్టుకునే రకం, పాలీఇథిలీన్ నీటిని తోసేసే రకం. రెండూ ఎలా కలుస్తాయి?

నేరుగా కలవవు. అందుకే ముందు మట్టికి రసాయన చికిత్స చేస్తారు. పొరల మధ్య ఉన్న సోడియం అయాన్ల స్థానంలో పొడవైన కార్బన్ తోక ఉన్న అమ్మోనియం అయాన్లను ప్రవేశపెడతారు. దీన్నే ఆర్గానోక్లే అంటారు. పొడి మట్టిలో సుమారు ఒక నానోమీటరు ఉండే పొరల ఎడం రెండు, మూడు నానోమీటర్లకు పెరుగుతుంది, పొర ఉపరితలం కూడా ప్లాస్టిక్‌కు నచ్చేలా మారుతుంది. పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ విషయంలో ఇది కూడా చాలదు. మాలియిక్ అన్‌హైడ్రైడ్ తగిలించిన పాలిమర్‌ను మధ్యవర్తిగా కొద్దిగా కలపాలి.

కలిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. ద్రావకంలో కరిగించి కలిపి ఆరబెట్టడం ల్యాబ్‌కు బాగుంటుంది, ఫ్యాక్టరీకి పనికిరాదు. పాలిమర్ గొలుసుగా మారే చిన్న అణువుల్లో, అంటే మోనోమర్‌లో మట్టిని నానబెట్టి, పొరల మధ్యే పాలిమర్ పెరిగేలా చేయడం రెండోది. మూడోది రెండు మరలతో ప్లాస్టిక్‌ను కరిగించి తోసే ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో కరిగిన ప్లాస్టిక్‌తో పాటు మట్టిని తిప్పి కలపడం. ఇప్పటికే ఉన్న యంత్రాలతో అయిపోతుంది కాబట్టి పరిశ్రమ దీన్నే ఇష్టపడుతుంది.

ఈ పద్ధతిలో వేడి ఒక పెద్ద తలనొప్పి. మామూలు అమ్మోనియం ఆర్గానోక్లేలు 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్‌ను 270 డిగ్రీల పైన కరిగించాలి. ఆ వేడికి చికిత్స చేసిన పదార్థం పాడై, ఫిల్మ్ పచ్చబారుతుంది, పాలిమర్ గొలుసులు కూడా తెగుతాయి. ఆ విచ్ఛిన్నంలోంచి పుట్టిన చిన్న అణువులు ఆహారంలోకి వెళ్తాయా అన్నది మట్టి కంటే పెద్ద ప్రశ్న. దీని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

ఆహారంతో సంబంధం లేని చోట. 1980ల చివర్లో జపాన్‌లోని టయోటా పరిశోధనశాలలో నైలాన్-6లో 5 శాతం లోపు మట్టి కలిపి చూశారు. నైలాన్ బిగువు బాగా పెరిగింది. వేడికి వంగిపోయే ఉష్ణోగ్రత 65 డిగ్రీల దగ్గర్నుంచి 140 దాటింది. దాన్ని కారు ఇంజన్లో టైమింగ్ బెల్టు మూతకు వాడారు. వాయువులు కూడా తక్కువగా దాటుతున్నాయని గమనించాక ప్యాకేజింగ్ వాళ్ల చూపు దీనిమీద పడింది.

ఇప్పటికే మార్కెట్‌లో ఉన్నాయా?

ఉన్నాయి, కానీ పరిశోధనా పత్రాల సంఖ్య చూసి ఊహించుకున్నంతగా లేవు. 2000ల తొలి ఏళ్లలో బాయర్ నానోక్లే కలిపిన నైలాన్ ఫిల్మ్ గ్రేడు తెచ్చింది. హనీవెల్ ఏజిస్ పేరుతో, నానోకార్ ఇంపెర్మ్ పేరుతో బారియర్ నైలాన్లు, అంటే వాయువులను ఆపే నైలాన్లు తెచ్చాయి. బీరు సీసాల్లో రెండు పెట్ పొరల మధ్య ఈ నైలాన్ పొరను పెట్టారు. బీరుకు బయటి ఆక్సిజన్ లోపలికి రాకూడదు, లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకూడదు. మామూలు పెట్ రెండిటినీ సరిపడా ఆపలేదు.

పెట్ సీసాల తయారీలో వాడే టైటానియం నైట్రైడ్ నానో కణాల సంగతి చాలామందికి తెలియదు. ఇవి ఆక్సిజన్‌ను ఆపడానికి కాదు. సీసాగా ఊదేముందు ప్రీఫామ్‌ను, అంటే చిన్న మందపాటి గొట్టంలా ఉండే అచ్చు ముక్కను వేడి చేస్తారు కదా, ఆ వేడిని అది త్వరగా పీల్చుకునేలా చేస్తాయి. కరెంటు ఆదా అవుతుంది. యూరప్‌లో పెట్‌లో కిలోకు 20 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది.

మెరిసే చిప్స్ ప్యాకెట్ నానోకాంపోజిట్టేనా?

కాదు. దాని లోపలి మెరుపు కొన్ని పదుల నానోమీటర్ల మందంలో వేసిన అల్యూమినియం పూత. మందం నానో కొలతలోనే ఉన్నా, అది ప్లాస్టిక్ మీద వేరే పొర. నానోకాంపోజిట్‌లో కణాలు ప్లాస్టిక్ లోపలే చెదిరి ఉంటాయి. ఈ రెంటికీ మధ్యస్థంగా ఇంకోటుంది. నీటిలో కరిగే పాలిమర్‌లో మట్టి పలకలు కలిపి, ఫిల్మ్ మీద పలచగా పూయడం. పలకలు చక్కగా వరుసలో పడతాయి, 200 డిగ్రీల వేడి బెడద లేదు. నా మటుకు నాకు, ప్లాస్టిక్ మొత్తంలో మట్టి కలపడం కంటే ఈ పూతల దారే ఎక్కువ ఆశ కలిగిస్తుంది.

వెండి నానో కణాలు వేస్తే ఆహారం పాడవదంటారు. నిజమేనా?

సగం నిజం. వెండి కణాల ఉపరితలం నుంచి తేమలోకి వెండి అయాన్లు విడుదలవుతాయి. అవి బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తాయి, ప్రోటీన్లలోని గంధకపు సమూహాలకు అతుక్కుని ఎంజైములను పనిచేయనివ్వవు. ల్యాబ్‌లో పోషక ద్రావణంలో పెట్టి చూస్తే బ్యాక్టీరియా చచ్చిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు ఆహారంలో కథ మారిపోతుంది. వెండి అయాన్లు బ్యాక్టీరియా ప్రోటీన్లకు ఎలా అతుక్కుంటాయో మాంసం, పాల ప్రోటీన్లకూ అలాగే అతుక్కుంటాయి. ఉప్పులోని క్లోరైడుతో కలిసి కరగని వెండి క్లోరైడుగా మారతాయి. సూక్ష్మజీవుల దాకా చేరేది కొంతే. పైగా ఆ ప్రభావం ప్యాకెట్ గోడను ఆనుకుని ఉన్న చోటే. ముద్దగా ఉన్న ఆహారం మధ్యలో పెరిగే సూక్ష్మజీవికి ఏమీ కాదు. పొడి ఆహారంలో అయాన్లు కదలడానికి తేమే ఉండదు. కాబట్టి పోషక ద్రావణంలో వచ్చిన ఫలితాన్ని చూపించి, నిల్వకాలం ఇన్ని రెట్లు పెరుగుతుందని చెబితే ఒప్పుకోవద్దు. ఆ ఆహారం మీదే, అది నిల్వ ఉండే ఉష్ణోగ్రతలోనే చేసిన పరీక్ష చూపించమని అడగాలి.

చట్టపరంగా కూడా ఇది ఊరికే ఉండదు. సూక్ష్మజీవులను చంపుతుందని చెప్పి అమ్మితే అమెరికాలో అది పురుగుమందుల చట్టం కిందికి వస్తుంది. నానో వెండి కలిపిన ఆహార డబ్బాలను రిజిస్ట్రేషన్ లేకుండా అమ్ముతున్నందుకు 2014లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఒక కంపెనీ అమ్మకాలను ఆపించింది.

జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ సంగతేమిటి?

రెండూ అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి. వెలుతురు తగిలితే పాడయ్యే నూనెలు, పాల పదార్థాలకు అది మేలు. టైటానియం డయాక్సైడ్ ఆ కిరణాలు పడ్డప్పుడు చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి సూక్ష్మజీవులను చంపుతుంది, పండ్ల నుంచి వచ్చి వాటిని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువును కూడా విడగొడుతుంది. చీకట్లో ఉంటే మాత్రం ఈ పని జరగదు. వెలుగులో ఉంటే ఆ ఆక్సిజన్ రూపాలే తనను మోస్తున్న ప్లాస్టిక్‌నూ కొరుకుతాయి. అందుకే కిరణాలను ఆపడానికి మాత్రమే వాడేటప్పుడు కణానికి పైపూత వేసి ఈ చురుకును తగ్గిస్తారు.

యూరప్‌లో టైటానియం డయాక్సైడ్‌ను నిషేధించారు కదా?

నిషేధించింది ఆహారంలో కలిపే రంగుగా, అంటే ఈ171గా. 2021లో యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ, దాన్ని ఇకపై సురక్షితమని అనలేమని చెప్పింది. డీఎన్‌ఏకు హాని చేయదని నిర్ధారించలేకపోవడం దానికి కారణం. 2022లో నిషేధం వచ్చింది. తిండిలో కలిపి నేరుగా మింగించడం వేరు, ప్లాస్టిక్‌లో బిగుసుకుని ఉండటం వేరు. రెండో దాన్ని ఆహారంలోకి ఎంత దిగుతుందన్న దాన్ని బట్టి విడిగా తేల్చాలి.

నానో కణాలు ప్యాకెట్ నుంచి ఆహారంలోకి దిగుతాయా?

ఎక్కువమందిని వేధించే ప్రశ్న ఇదే. ‘దిగడం’లో రెండు రకాలున్నాయి, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది కణం కణంగానే బయటికి రావడం. ప్లాస్టిక్‌లో గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి. ఒక చిన్న రసాయన అణువు వాటి మధ్య నుంచి జారుకోగలదు. మట్టి పలక వందల నానోమీటర్ల వెడల్పుంటుంది, అది కదలడం చాలా కష్టం. సిద్ధాంతపరమైన లెక్కల ప్రకారం, ఒక నానోమీటరు స్థాయిలో ఉన్న అతి చిన్న కణాలు, అదీ తక్కువ సాంద్రత పాలీఇథిలీన్ లాంటి మెత్తని ప్లాస్టిక్‌లో ఉన్నప్పుడే గమనించదగ్గ మేర కదలగలవు. పెట్ లాంటి బిగువైన ప్లాస్టిక్‌లో అది కూడా జరగదు. అయితే ఇది లోపల బిగుసుకున్న కణాల సంగతి. కత్తిరించిన అంచు, గీతలు పడ్డ చోటు, ఉపరితలానికి ఆనుకుని ఉన్న కణం వేరు. వాటిని ఆపడానికి గొలుసుల వల లేదు.

రెండోది కణం కరిగి అయాన్లుగా రావడం. వెండి, జింక్ విషయంలో అసలు జరిగేది చాలావరకు ఇదే. జింక్ ఆక్సైడ్ మీద యూరోపియన్ సంస్థ 2015లో ఇచ్చిన అభిప్రాయం కూడా అదే చెప్పింది: బయటికి వచ్చేది నానో రూపం కాదు, కరిగిన జింక్. కాబట్టి అక్కడ చూడాల్సింది జింక్ మోతాదు. యూరప్‌లో ఆహారంలోకి దిగే జింక్‌కు పరిమితి కిలోకు 5 మిల్లీగ్రాములు. పులుపు, వేడి, ఎక్కువ రోజుల నిల్వ, ఈ మూడూ కరగడాన్ని పెంచుతాయి.

మట్టి విషయంలో అయితే అల్యూమినియం, సిలికాన్ ఆనవాళ్లను కొలుస్తారు. నా ఉద్దేశంలో అంతకంటే ముందు చూడాల్సింది మట్టికి చికిత్స చేసిన అమ్మోనియం పదార్థం. అది చిన్న అణువు, సులువుగా కదులుతుంది. కణం మీద ఉన్న భయంతో దాన్ని మర్చిపోతున్నాం.

దీన్ని ఎలా పరీక్షిస్తారు?

అసలు ఆహారం బదులు దాన్ని పోలిన ద్రవాలు వాడతారు. పుల్లని వాటికి 3 శాతం ఎసిటిక్ ఆమ్లం, నీరు ఎక్కువగా ఉన్నవాటికి 10 శాతం ఇథనాల్, కొవ్వు పదార్థాలకు వంటనూనె. గది ఉష్ణోగ్రతలో ఎక్కువకాలం నిల్వ ఉండేవాటికి 40 డిగ్రీల వద్ద 10 రోజులు ఉంచి, మొత్తం ఎంత పదార్థం దిగిందో తూస్తారు. యూరప్ నియమం ప్రకారం అది చదరపు డెసిమీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు.

మూలకం ఎంతుందో ఐసీపీ-ఎంఎస్ అనే పరికరం చెబుతుంది, అది కణమా అయానా అన్నది చెప్పదు. దానికి ఒక్కో కణాన్ని విడిగా లెక్కించే సింగిల్ పార్టికల్ పద్ధతి, తోడుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వాడతారు. ఇక్కడా ఒక చిక్కుంది. ద్రావణంలోకి అయాన్లుగా వచ్చిన వెండి, అక్కడే మళ్లీ కణాలుగా మారగలదు. మైక్రోస్కోప్‌లో వెండి కణం కనపడింది కాబట్టి అది ప్లాస్టిక్ నుంచి ఊడి వచ్చిందేనని చెప్పలేం.

మైక్రోవేవ్‌లో పెట్టవచ్చా?

డబ్బా మీద మైక్రోవేవ్‌కు పనికొస్తుందని రాసి ఉంటేనే. వెండి, జింక్ కలిపిన డబ్బాల్లో పుల్లని పదార్థాలను వేడి చేయకపోవడమే మంచిది.

చట్టాలు ఏమంటున్నాయి?

యూరప్ నియమాలు అన్నిటికంటే స్పష్టంగా ఉన్నాయి. ప్లాస్టిక్ ఆహార ప్యాకేజింగ్‌కు సంబంధించిన 10/2011 నిబంధన ప్రకారం, మామూలు రూపంలో అనుమతి ఉన్న పదార్థాన్ని నానో రూపంలో వాడాలంటే మళ్లీ విడిగా అనుమతి తెచ్చుకోవాలి. సాధారణంగా మధ్యలో ఒక అడ్డు పొర ఉంటే, దాని వెనక ఉన్న పదార్థాలకు కొన్ని మినహాయింపులు దొరుకుతాయి. నానో రూపానికి ఆ మినహాయింపు కూడా లేదు. ఆక్సిజన్‌ను పీల్చేవి, తాజాదనాన్ని చూపించేవి అయితే 2009 నాటి 450/2009 నిబంధన కూడా చూడాలి.

అమెరికాలో ప్రత్యేకంగా నానో చట్టం లేదు. పరిమాణం తగ్గించడం వల్ల పదార్థం గుర్తింపు, భద్రత మారితే పాత అనుమతి సరిపోతుందని అనుకోవద్దని, ముందుగా తమను సంప్రదించమని 2014లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకాలు ఇచ్చింది.

కొనేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

తెలియడం కష్టం. యూరప్‌లో ఆహార పదార్థంలోనే నానో దినుసు ఉంటే లేబుల్ మీద ఆ మాట రాయాలి. ప్యాకెట్ ప్లాస్టిక్‌లో ఉంటే అలా రాయనక్కర్లేదు. ఇది మారాలన్నది నా గట్టి అభిప్రాయం. తమ పదార్థం సురక్షితమన్న నమ్మకం ఉన్న కంపెనీకి చెప్పుకోవడంలో నష్టం లేదు.

పళ్లు, కూరగాయలకు కూడా గట్టి బారియర్ మంచిదేనా?

కాదు. కోసిన తర్వాత కూడా అవి ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. ఆక్సిజన్ పూర్తిగా ఆపేస్తే లోపల పులిసి, వాసన మారి పాడవుతాయి. వాటికి కావలసింది ఆక్సిజన్‌ను కొద్దికొద్దిగా పోనిచ్చి, ఇథిలీన్‌ను మాత్రం తొలగించే ప్యాకెట్. సూక్ష్మ రంధ్రాలుండే జియోలైట్ లాంటి ఖనిజ కణాలు అందుకోసం పరిశీలనలో ఉన్నాయి.

మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్‌లకు ఇవి పనికొస్తాయా?

వాటికే ఎక్కువ అవసరం. పంటల్లోని చక్కెరల నుంచి చేసే పీఎల్‌ఏ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, 60 డిగ్రీల లోపే మెత్తబడుతుంది, నీటి ఆవిరిని సరిగా ఆపలేదు. పిండిపదార్థాల ఫిల్ములు తేమకు సాగిపోతాయి. నానో కణాలు ఈ లోపాలను కొంత పూడుస్తాయి.

వీటిలో నాకు బాగా ఇష్టమైనవి సెల్యులోజ్ నానో స్ఫటికాలు. చెక్క, పత్తి, పంట వ్యర్థాల్లోని సెల్యులోజ్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తే, క్రమం లేని భాగాలు పోయి గట్టి స్ఫటిక భాగాలు మిగులుతాయి. 5 నుంచి 20 నానోమీటర్ల వెడల్పు, వందల నానోమీటర్ల పొడవుండే సన్నని కడ్డీలవి. బిగువులో వంద గిగాపాస్కల్ స్థాయి దాటతాయి. పిండిపదార్థాలతో, రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో సులువుగా కలుస్తాయి, ఎందుకంటే అన్నిటి మీదా హైడ్రాక్సిల్ సమూహాలే. ఆ సమూహాల వల్లే ఒక బలహీనత కూడా ఉంది. పొడిగా ఉంటే ఆక్సిజన్‌ను అద్భుతంగా ఆపే సెల్యులోజ్ పొర, తేమలో ఉబ్బి వదులైపోతుంది. పొడి గాలిలో కొలిచిన సంఖ్య ఒక్కటే ఇచ్చి ఊరుకునే నివేదికలతో ఎవరికీ ఉపయోగం లేదు. 80 శాతం తేమలో ఎంతొచ్చిందో కూడా ఇవ్వాలి.

‘స్మార్ట్ ప్యాకేజింగ్’లో నానో పాత్ర ఏమిటి?

ఆహారం స్థితిని బయటికి చూపించడం. చేప పాడవుతుంటే అమైన్లు వెలువడతాయి. మొక్కల్లోని ఆంథోసయనిన్ రంగు ఆ క్షార వాయువులకు ఎరుపు నుంచి నీలం, ఆకుపచ్చ వైపు మారుతుంది. ఆ రంగును నానో మట్టితో కలిపి ఫిల్మ్‌లో పట్టి ఉంచితే త్వరగా వెలిసిపోదు. టైటానియం డయాక్సైడ్, మిథిలీన్ బ్లూ కలిపిన సిరాతో ఆక్సిజన్ సూచికలు చేస్తారు. అతినీలలోహిత కాంతి వేస్తే సిరా రంగు పోతుంది, ప్యాకెట్‌లోకి ఆక్సిజన్ చొరబడితే నీలం తిరిగి వస్తుంది. ఎక్కడో సీల్ ఊడిందని కంటికే తెలిసిపోతుంది.

రీసైక్లింగ్‌కు మేలా, కీడా?

రెండూ. విడదీయలేని తొమ్మిది పొరల లామినేట్ బదులు, మట్టి పూత వేసిన ఒకే రకం ప్లాస్టిక్ ఫిల్మ్ వస్తే ఖచ్చితంగా మేలు. కొద్దిపాటి మట్టి కరిగించే పనికి పెద్దగా అడ్డురాదు, కానీ పారదర్శకత కావలసిన పెట్ సీసాల్లోకి చేరితే మసక తెస్తుంది. వెండి సంగతి వేరు. మళ్లీ కరిగించాక అది ఏ వస్తువులో ఎంత మోతాదులో తేలుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. పూడ్చిపెడితే నేలలోని సూక్ష్మజీవుల మీద పడుతుంది. పీఎల్‌ఏ లాంటి కుళ్లిపోయే ప్లాస్టిక్‌లో సూక్ష్మజీవులను చంపే వెండిని కలపడం నాకు మొదటినుంచీ మింగుడుపడని ఆలోచన. ఆ ప్లాస్టిక్‌ను కుళ్లబెట్టాల్సింది ఆ సూక్ష్మజీవులే కదా.

తయారీలో పనిచేసేవాళ్లకు ప్రమాదమా?

వినియోగదారుడి కంటే వాళ్లకే ఎక్కువ. ప్లాస్టిక్‌లో చేరకముందు అది గాలిలో లేచే పొడి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. టైటానియం డయాక్సైడ్ దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బీ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చనే జాబితాలో పెట్టింది. అందుకే విడి పొడిని తూచి పోసే బదులు, ముందే ప్లాస్టిక్‌లో గాఢంగా కలిపిన మాస్టర్‌బ్యాచ్ గింజలు వాడటం మంచిది. గాలి పీల్చే ఏర్పాటు, సరైన మాస్క్ ఎలాగూ ఉండాలి.

ఈ అంశంపై ప్రాజెక్టు మొదలుపెడుతున్నాను. దేనితో మొదలుపెట్టాలి?

కణంతో మొదలుపెట్టకండి. ముందు ఒక ఆహారాన్ని ఎంచుకుని, అది దేనివల్ల పాడవుతుందో రాసుకోండి. ఆక్సిజన్ వల్లా, తేమ వల్లా, వెలుతురు వల్లా, బూజు వల్లా? దాన్ని బట్టి ప్లాస్టిక్, ఆ తర్వాతే కణం. మట్టి కలపని అదే ప్లాస్టిక్‌ను, అదే ఎక్స్‌ట్రూడర్‌లో అదే వేడిలో తిప్పి పోలికకు పెట్టుకోండి. అది లేకపోతే వచ్చిన మార్పు మట్టిదో యంత్రందో తెలియదు. 1, 3, 5 శాతాలు చేసి చూడండి. 3 దగ్గర మెరుగై 5 దగ్గర తగ్గితే కణాలు ముద్దకట్టాయని అనుమానించి మైక్రోస్కోప్‌లో చూడండి. ఆక్సిజన్‌ను రెండు తేమ స్థాయుల్లో కొలవండి. సీల్ బలం కూడా కొలవండి, ఎందుకంటే ఫిల్మ్ ఎంత బాగున్నా అతుకు దగ్గర గాలి దూరితే లోపలి సరుకు పాడవుతుంది, ఈ పరీక్షను చాలా ప్రాజెక్టుల్లో వదిలేస్తుంటారు. చివరిగా, మీరు ఎంచుకున్న ఆహారాన్నే ఆ ఫిల్మ్‌లో సీల్ చేసి, మామూలు ఫిల్మ్‌లో సీల్ చేసిన దాని పక్కన పెట్టి, వాసన, రంగు, సూక్ష్మజీవుల సంఖ్య వారం వారం చూసి రాసుకోండి.